తెలిసియు చేయనిదేల?
పంచాయతీ సభ్యులకు మనస్తత్వ శాస్త్రము నుండి ఒక పాఠము

ఉయ్యూరు చుట్టుపట్ల ఏ గ్రామమునకు పోయినను, ఆరోగ్యమును గూర్చి బొత్తిగా ఏమియు తెలియని వారు నేడు కానరారు. నిలువనీటిలో దోమలు పెరుగుననియు, బిడ్డకు టీకా వేయింపవలెననియు, ఊరగాయలో ఉప్పు ఎక్కువైన రక్తపోటు గలవారికి మంచిది కాదనియు, పొగాకు చెరుపు చేయుననియు అందరును ఎరుగుదురు. అడిగినచో చక్కగా చెప్పుదురు. కాని పెరటి కుండీలో నీరు నిలిచియే యుండును. టీకా దినము దాటిపోవును. రక్తపోటు మాత్రలు నెల దినములకు తెచ్చినవి మూడు నెలలు వచ్చును.

తెలియుటకును చేయుటకును నడుమ ఒక కాలువ కలదు. దానిపై వంతెన వేయుటయే గ్రామ పెద్దల పని. మనుష్యులు ఎట్లు ప్రవర్తింతురు, ఎందుకు భయపడుదురు, ఎవరి మాట నమ్ముదురు అను విషయములను మనస్తత్వ శాస్త్రజ్ఞులు కొన్ని దశాబ్దులుగా ప్రయోగములు చేసి పరిశీలించుచున్నారు. వారు కనుగొన్న వానిలో పంచాయతీ సభ్యులకు అక్కరకు వచ్చు కొన్నిటిని ఈ పాఠమునందు వివరింపదలచితిమి.

కంటికి కానరాని పంట

కొన్ని ఏండ్ల క్రిందట ఉయ్యూరు చేరువనున్న ఒక గ్రామమునకు బోదకాలు నివారణ మాత్రలు పంచు దినమున మేము పోయితిమి. కార్యకర్త ఇంటింటికి తిరిగి మాత్రలిచ్చి, వ్రాసికొని పోయినది. సాయంకాలము ఒక ఇంట కూర్చుండగా, దేవుని గూటిలో ఆ మాత్రలు చెక్కుచెదరక కనబడినవి. ఇంటి పెద్దావిడను అడిగితిమి. ఆమె నవ్వి, "నాకే రోగమూ లేదు గదా బాబూ, లేని రోగానికి మందెందుకు? అవి మింగితే కళ్ళు తిరుగుతాయంటున్నారు" అన్నది.

ఆమె అవివేకి కాదు. ఆమె లెక్క ఆమెకు కలదు. మాత్ర మింగినచో కలుగు తల త్రిప్పు నేటిది. మింగకున్న వచ్చు కాలివాపు ఎన్నడో రేపటిది, అదియు వచ్చునో రాదో తెలియదు. దగ్గరి చిన్న కష్టమును దూరపు పెద్ద కష్టము కంటె పెద్దదిగా ఎంచుట మనుష్య స్వభావమని శాస్త్రజ్ఞులు పదే పదే చూపిరి. చదువుకొన్న వారును దీనికి అతీతులు కారు.

నిజమేమనగా, కృష్ణా డెల్టా బోదకాలునకు పాత నెలవు. ఆ పురుగు పిల్లలు రక్తమునందు సంవత్సరముల తరబడి ఉన్నను మనిషికి ఏ బాధయు తెలియకపోవచ్చును. అతనిని కుట్టిన దోమ మరియొకనికి దానిని చేర్చును. ఊరి మొత్తము జనాభాలో నూటికి కనీసము 65 మంది ఏటేట, అయిదేండ్లకు తగ్గక మాత్ర నిజముగా మింగినచో ఈ గొలుసు తెగునని ప్రపంచ ఆరోగ్య సంస్థ నిర్ణయించినది. 2004 నుండి మన దేశమున ఈ సామూహిక పంపిణీ సాగినది. కాని పంచిన మాత్రల లెక్క వేరు, మింగిన మాత్రల లెక్క వేరు అని పరిశీలకులు పలుమారులు గుర్తించిరి. అందుచేతనే మాత్రను ఎదుటనే మింగింపవలెనను నియమము వచ్చినది.

రైతు విత్తనము చల్లి నాలుగు నెలలు ఓపిక పట్టగలడు. ఏలయన పంట కంటికి కనబడును. వ్యాధి నివారణయందు పంట కంటికి కానరాదు. రాని వ్యాధియే ఇచ్చట పంట. ఈ భేదమును గ్రహించిన సభ్యుడు ప్రజలను తిట్టడు. పంటను కనబరచు ఉపాయము వెదకును.

భయము చాలదు, దారి చూపవలెను

చాలమంది ఉపన్యాసకులు భయపెట్టినచో జనులు మారుదురని తలంతురు. 1965 లో అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయమునందు హోవర్డ్ లెవెంథాల్ అను శాస్త్రజ్ఞుడును అతని సహచరులును దీనిని పరీక్షించిరి. ధనుర్వాతమును గూర్చి విద్యార్థులకు చిన్న పుస్తకములిచ్చిరి. కొన్నిటిలో భయంకరమైన వర్ణనలు, చిత్రములు. కొన్నిటిలో మితమైన మాటలు. భయపడిన వారు "టీకా వేయించుకొందుము" అని గట్టిగా చెప్పిరి. కాని పోయి వేయించుకొన్నవారు నూటికి సుమారు ముగ్గురు మాత్రమే.

మరికొందరికి పుస్తకముతో పాటు ఆరోగ్య కేంద్రము ఎచ్చట నున్నదో గుర్తించిన పటము, అది తెరచియుండు వేళలు ఇచ్చి, "మీ వారపు పనులలో ఏ వేళ పోగలరో చూచుకొనుడు" అని చెప్పిరి. వీరిలో టీకా వేయించుకొన్నవారు నూటికి సుమారు 28 మంది. ఆ విద్యార్థులు ఆ కేంద్రమును ఎరుగనివారు కారు. అయినను దారి, దినము, వేళ మనస్సులో కుదిరిన పిమ్మటనే కాలు కదిలినది. పుస్తకము చదువక పటము మాత్రమే పొందినవారిలోను ఫలము లేదు. ప్రమాదము తెలియవలెను, దానితో పాటు దారియు తెలియవలెను.

ఇటీవల, 2021 లో, అదే దేశమునందు సుమారు 47 వేల మంది రోగులకు ఫ్లూ టీకాను గూర్చి పందొమ్మిది విధముల సందేశములు పంపి పోల్చి చూచిరి. అన్నిటికంటె మంచి ఫలమిచ్చినది భయపెట్టిన సందేశము కాదు, పరిహాసము కాదు; "టీకా మీ కొరకు ప్రత్యేకించి ఉంచబడినది" అని రెండు మారులు గుర్తుచేసిన సాదా మాట.

కావున "అందరును టీకాలు వేయించుకొనవలెను" అని చాటింపు వేయుటకంటె, "బుధవారము ఉదయము పది గంటలకు అంగన్‌వాడీలో మీ పాపకు టీకా సిద్ధముగా నుండును, ఎవరు తీసికొనివత్తురు?" అని ఇంటికి పోయి అడుగుట మేలు.

ఉపన్యాసమా, ఉమ్మడి నిర్ణయమా?

రెండవ ప్రపంచ యుద్ధకాలమున అమెరికాలో మాంసము కొరత ఏర్పడినది. పశువుల గుండె, మూత్రపిండములు మొదలగునవి బలకరమైనను అచ్చటి గృహిణులు వానిని వండుటకు ఏవగించుకొనెడివారు. కుర్ట్ లెవిన్ అను మనస్తత్వ శాస్త్రజ్ఞుడు కొన్ని స్త్రీల బృందములకు మంచి ఉపన్యాసములిప్పించెను; వంట విధానములు కూడ అచ్చువేసి ఇచ్చిరి. మరికొన్ని బృందములలో ఉపన్యాసము లేదు. వారినే కూర్చుండబెట్టి, అడ్డంకులేమో వారి నోటనే పలికించి, చివర "వచ్చే వారము ఎవరు వండి చూతురు?" అని చేతులెత్తమనిరి. తరువాత విచారింపగా ఉపన్యాసము విన్నవారిలో నూటికి ముగ్గురు, చర్చించి చేతులెత్తినవారిలో నూటికి 32 మంది ఆ వంటకమును చేసిరి.

చర్చించిన వారికి "మరల వచ్చి అడిగెదము" అని ముందుగా చెప్పబడినందున, ఫలము చర్చ వలన కలిగినదా విచారణ వలన కలిగినదా అను సందేహము తరువాత వచ్చినది. మనకు ఆ రెండును వలయును. నలుగురి ఎదుట ఒప్పుకొన్న మాట నిలువబెట్టుకొనవలెనను పట్టుదల మన పల్లెలలో మిక్కుటము. పెండ్లి మాటకును, కాలువ నీటి వంతులకును పనికివచ్చు ఈ గుణము టీకాకును, మరుగుదొడ్డికిని పనికిరాదా?

మన గ్రామసభలు సాధారణముగా ఎట్లు జరుగుచున్నవి? వేదికపై నలుగురు మాటలాడుదురు, క్రింద నూరుమంది విందురు, తీర్మానము చదువబడును, సంతకములు జరుగును. వినినవాడు శ్రోతగా వచ్చి శ్రోతగానే పోవును. సభలో కనీసము ఒక ఆరోగ్య విషయమునైనను ప్రజల నోటనే చర్చింపజేసి, చేతులెత్తించి, వచ్చే సభలో విచారించినచో ఖర్చు లేకుండ ఫలము కలుగును.

ముందు నమ్మకము, పిదప పప్పు

రాజస్థానమునందలి ఉదయపూర్ జిల్లాలో 134 గ్రామములలో అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డఫ్లో మొదలగువారు ఒక పరీక్ష జరిపి, 2010 లో ఫలములను ప్రకటించిరి. ఏ ప్రత్యేక ఏర్పాటును లేని గ్రామములలో టీకాలన్నియు పూర్తిగా పొందిన పసిపిల్లలు నూటికి ఆరుగురు. నెలనెల తప్పక, చెప్పిన దినముననే శిబిరము జరిపిన గ్రామములలో 18 మంది. ఆ శిబిరమునకు తోడు టీకాకు ఒక కిలో పప్పును, టీకాలన్నియు పూర్తియైనపుడు భోజనపు కంచములును ఇచ్చిన గ్రామములలో 39 మంది.

పప్పు మాట వినగానే కొందరు నవ్వుదురు. కాని అసలు పాఠము మొదటి మెట్టుననే కలదు. చెప్పిన దినమున చెప్పిన వేళ నర్సు వచ్చియుండుటచేతనే ఫలము మూడింతలైనది. కూలి మానుకొని బిడ్డను ఎత్తుకొని వచ్చిన తల్లి మూసిన తలుపు చూచి మరలిపోయినచో, ఆమె మరల వచ్చునని ఆశించుట అన్యాయము. అట్టి తల్లిని "అజ్ఞాని" యనుటకు ముందు మన తలుపు తెరచియుండెనా యని చూచుకొనవలెను.

వదంతి ఎట్లు పుట్టును?

1934 జనవరి 15 వ తేదీన బీహారునందు ఘోరమైన భూకంపము సంభవించినది. పిమ్మట దేశమంతట వింత వదంతులు లేచినవి: ఫలానా దినమున మరింత పెద్ద భూకంపము రానున్నదని, నది నీరు మాయమైనదని. జమునా ప్రసాద్ అను భారతీయ శాస్త్రజ్ఞుడు, కదలిక తెలిసియు నష్టము కలుగని ప్రాంతములలో ఈ వదంతులను సేకరించి 1935 లో ఒక వ్యాసము ప్రకటించెను. తరువాత లియాన్ ఫెస్టింగర్ అను అమెరికా శాస్త్రజ్ఞుడు దీనిని చదివి ఆశ్చర్యపడెను. ఆపద తప్పినవారు మరింత భయంకరమైన మాటలను ఏల నమ్మవలెను? ఆయనకు తోచిన సమాధానమిది: వారి గుండెలో భయము కలదు, కంటి ఎదుట దానికి తగిన కారణము లేదు. భయమునకు సరిపడు కారణమును మనస్సు వెదకికొనును. వదంతి ఆ కారణమును సమకూర్చును. ఈ ఆలోచన నుండియే 1957 లో ఆయన ప్రకటించిన ప్రసిద్ధ సిద్ధాంతము పెరిగినది.

1977 నవంబరు 19 నాటి దివిసీమ ఉప్పెనను కన్నవారికి, విన్నవారికి భయము యొక్క బలము వేరుగా చెప్పనక్కరలేదు. టీకాను గూర్చియు, మాత్రలను గూర్చియు సెల్‌ఫోనులలో తిరుగు మాటలు ఈ రీతిగనే బ్రతుకుచున్నవి. "అది అబద్ధము" అని గద్దించినంత మాత్రమున అవి చావవు. భయము మిగిలియున్నంత కాలము మరియొక వదంతి పుట్టును. కావున మొదట భయమును వినవలెను. "టీకా వేసిన రాత్రి బిడ్డకు కొంచెము జ్వరము రావచ్చును, రెండు దినములలో తగ్గును, తగ్గకున్న ఆశా కార్యకర్తను పిలువుడు" అని ముందుగా చెప్పినచో, జ్వరము వచ్చిననాడు తల్లి బెదరదు. ముందు చెప్పిన కష్టము నమ్మకమును పెంచును. దాచిన కష్టము వదంతికి ఎరువగును.

చూచి నేర్చుట

ఉయ్యూరు మండలమునందలి ముదునూరు గ్రామమున 1940 లో గోరాగారు, సరస్వతీ గోరాగారు నాస్తిక కేంద్రమును స్థాపించిరి. 1947 లో అది విజయవాడ పటమటకు తరలినది. వారి మత విషయక అభిప్రాయములు ఇచ్చట చర్చనీయాంశములు కావు. వారి పద్ధతి మాత్రము మన పాఠమునకు సంబంధించినది. గ్రహణవేళ గర్భిణి కదలిన శిశువునకు అంగవైకల్యము కలుగునను భయము తెలుగునాట లోతుగా నాటుకొన్నది. సరస్వతీ గోరాగారు గర్భవతిగా నున్నపుడు గ్రహణవేళ ఆ కట్టుబాటును పాటింపక, ఉపన్యాసము చేయలేని పనిని తన నడవడిచే చేసిరి. (సూర్యగ్రహణమును వట్టి కంటితో చూచుట మాత్రము ఎవరికైనను హానికరమే.)

1969 లో ఆల్బర్ట్ బందూరా అను శాస్త్రజ్ఞుడు, పామన్న వణకువారిపై చేసిన పరీక్ష దీనికి తోడగును. పామును మనస్సునందు ఊహించుకొన్న వారికంటె, మరియొకరు విషములేని పామును పట్టుటను చూచి, వారి సాయముతో మెల్లగా తామును తాకినవారికి భయము మిక్కిలి తగ్గినది. సర్పంచి తన కుటుంబముతో సహా అందరి ఎదుట మాత్ర మింగినచో, అది పది కరపత్రముల పెట్టు.

దాచిన బాధ

ఇంతవరకు చెప్పినది శరీర వ్యాధులను గూర్చి. ఇక మిగిలినది అన్నిటికంటె కష్టమైనది. ఏలయన దానిని ఊరు దాచును, ఇల్లు దాచును, మనిషి తనకు తానే దాచుకొనును. అది మనస్సునకు కలుగు వ్యాధి.

2015–16 లో పన్నెండు రాష్ట్రములలో జరిగిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వేలో పెద్దవారిలో నూటికి పదిమందికి పైగా ఏదియో ఒక మానసిక రుగ్మతతో బాధపడుచున్నట్లు తేలినది. మన రాష్ట్రము ఆ పన్నెండింటిలో లేదు; అయినను ఆ లెక్క చొప్పున రెండువేల మంది పెద్దలున్న గ్రామమున ఇన్నూరుమంది యుందురు. డిప్రెషన్ అను తీవ్రమైన దిగులుతో నున్నవారిలో నూటికి 85 మందికి చికిత్స అందుట లేదని ఆ సర్వేయే తెలిపినది.

వీరు మనకు ఏల కనబడరు? వారు "మనస్సు బాగుగా లేదు" అని చెప్పరు. "ఒళ్ళు నొప్పులు, గుండె దడ, నీరసము, నిద్ర పట్టదు" అందురు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 14 దేశములలో జరిపిన పరిశీలన 1999 లో వెలువడినది. డిప్రెషన్ గలవారిలో నూటికి 69 మంది వైద్యుని వద్దకు శరీర బాధలు మాత్రమే చెప్పుకొని వచ్చిరి. కావున ఇది పల్లెవారి దోషము కాదు, ప్రపంచమంతటను ఉన్నదే.

పొరుగుననున్న అప్పటి పశ్చిమ గోదావరి జిల్లా గిరిజన ప్రాంతములో జార్జి ఇన్‌స్టిట్యూట్ అను సంస్థ ముప్పది గ్రామములలో ఒక ప్రయత్నము చేసి, 2017 లో ఫలములను ప్రకటించినది. ఆశా కార్యకర్తలకు శిక్షణ నిచ్చి, చేతిలో చిన్న కంప్యూటరు పలక నుంచి, ఇంటింట నిద్ర, ఆకలి, దిగులు, ఆందోళన గూర్చి కొన్ని ప్రశ్నలు అడిగించిరి. అయిదువేల మందికి పైగా పెద్దలలో 238 మందికి సాయము అవసరమని తేలినది. వారిని ప్రాథమిక ఆరోగ్య కేంద్రపు వైద్యుని వద్దకు పంపి, తరువాత కార్యకర్తలే విచారించిరి. అంతకు మునుపు ఊళ్ళలో గోడపత్రములు, చలనచిత్రములు, నాటకముల ద్వారా మానసిక వ్యాధిని గూర్చిన సిగ్గును పోగొట్టుటకు యత్నించిరి. మానసిక చికిత్స పొందినవారు వారిలో మొదట నూటికి ఒక్కరు కూడ లేరు — 0.8 శాతము. చివరకు 12.6 శాతము అయిరి.

ఈ అంకెలను నిదానముగా చదువవలెను. పోల్చుటకు వేరు గ్రామములు ఆ పరిశీలనలో లేవు. ఎనమండుగురిలో ఏడుగురు అప్పటికిని వైద్యుని చేరలేదు. అయినను దాచిన బాధ, తెలిసిన మనిషి గడపకు వచ్చి మర్యాదగా అడిగినపుడు బయటికి వచ్చుననుటకు ఇది నిదర్శనము. ఈ విధానమునే తరువాత హర్యానాలోను పశ్చిమ గోదావరిలోను 44 ప్రాథమిక ఆరోగ్య కేంద్రముల పరిధిలో, పోలిక గ్రామములతో సహా పరీక్షించిరి.

పంట పోయిన కౌలు రైతు, అప్పు తీరని గృహస్థు, పరీక్ష తప్పిన పిల్లవాడు, కాన్పు పిమ్మట ఎవరితోను మాటాడని కోడలు — వీరిని సభ్యులు పేరు పేరున ఎరుగుదురు. "చావవలెనను తలంపు వచ్చినదా?" అని అడిగినచో లేని తలంపు పుట్టునేమో యని చాలమంది వెనుదీయుదురు. పరిశోధనలు అట్లు చెప్పుట లేదు. కనికరముతో అడిగిన ప్రశ్న వలన తలంపు పుట్టదు, భారము తగ్గును. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టము, ఆత్మహత్యకు యత్నించిన వానిని తీవ్రమైన ఒత్తిడికి లోనైనవానిగా ఎంచవలెననియు, అతనికి సంరక్షణ ఈయవలసిన బాధ్యత ప్రభుత్వముపై కలదనియు చెప్పుచున్నది. 2022 లో ప్రారంభమైన టెలీ మానస్ సేవకు 14416 సంఖ్యకు ఉచితముగా ఫోను చేసి మాటాడవచ్చును.

ఒక హెచ్చరిక

శాస్త్రము పేరిట వచ్చు ప్రతి మాటను నమ్మరాదు. మనస్తత్వ శాస్త్రజ్ఞులే తమ శాస్త్రమునందలి నూరు పరీక్షలను మరల జరిపి 2015 లో ఫలములను ప్రకటింపగా, మూడవ వంతుకు కొంచెము మించిన వానియందు మాత్రమే మొదటి ఫలము మరల కనబడినది. తన తప్పులను తానే వెదకికొనుట శాస్త్రమునకు లోపము కాదు, బలము. మనము కూడ ఒక ఉపాయమును ఊరిలో చేసి చూచి, లెక్క వ్రాసికొని, ఫలింపకున్న మార్చుకొనవలెను.

పంచాయతీ చేయదగిన పనులు

1. టీకా దినము, స్థలము, వేళ మారకుండ చూడవలెను. మారినచో ముందునాడే ఇంటింట తెలుపవలెను.

2. చాటింపుతో ఆగక, తప్పిపోయిన బిడ్డల పట్టికను ఆశా కార్యకర్త వద్ద తీసికొని, ప్రతి సభ్యుడు తన వార్డునందలి ఇండ్లకు పోయి దినము నిర్ణయింపజేయవలెను.

3. గ్రామసభయందు ఒక్క ఆరోగ్య విషయమును ఎన్నుకొని, ప్రజలచే చర్చింపజేసి, చేతులెత్తించి, మరుసటి సభలో విచారింపవలెను.

4. మాత్రలు పంచునాడు సభ్యులు ముందుగా, బహిరంగముగా మింగవలెను. పంచినవి కాదు, మింగినవి లెక్కింపవలెను.

5. వదంతి వినబడిననాడు దాని వెనుకనున్న భయమేమో కనుగొని, నర్సమ్మగారిచే సమాధానము చెప్పింపవలెను.

6. మానసిక బాధ గలవారిని "పిచ్చి" అను మాటతో పిలువరాదు, పిలువనీయరాదు. టెలీ మానస్ సంఖ్యను పంచాయతీ కార్యాలయపు గోడపై, పాల కేంద్రమువద్ద, ఎరువుల దుకాణమువద్ద వ్రాయింపవలెను.

7. పంట నష్టము, మరణము, అప్పుల తగాదా కలిగిన ఇంటికి పదిదినములలోపల ఒక సభ్యుడు పోయి కూర్చుండి, వినవలెను. ఆ ఇంట విన్నమాటను ఊరిలో చెప్పరాదు.

ఈ ఏడు పనులలో ఒక్కదానికైనను పెద్ద నిధులు అక్కరలేదు. వీనికి కావలసినది ఓపిక, మాట నిలువబెట్టుకొనుట, మనిషిని మనిషిగా చూచుట.

దేవుని గూటిలోని ఆ మాత్రల సంగతి ముగింపక వదలితిమి. ఆనాడు మాతో వచ్చిన వార్డు సభ్యురాలు ఆ పెద్దావిడ ప్రక్కన కూర్చుండి, "అత్తమ్మా, అన్నం తిన్నావా? తిన్నాక వేసుకుంటే కళ్ళు తిరగవు. నేనూ ఇప్పుడే వేసుకున్నాను. కాసేపు నీ దగ్గరే కూర్చుంటాను" అన్నది. పెద్దావిడ లోనికి పోయి మంచినీళ్ళు తెచ్చుకొన్నది. మేము పుటలకొలది వ్రాసినదానిని ఆమె నాలుగు మాటలలో చేసి చూపినది. అట్టి సభ్యులు ప్రతి వార్డునందు ఉన్ననాడు ఈ పాఠముతో పని యుండదు.